రుచి చూస్తే తిన్నట్టేనా?

విశాఖపట్నం,
9 ఫిబ్రవరి 2026

పూజ్యులైన మావయ్యకు,

మేనకోడలు ప్రత్యూష నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమం. ఫోన్ చేద్దామంటే మీరు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించారని అమ్మ చెప్పింది. "ఫోన్లో అన్న మాటకు తారీఖు ముద్ర ఉండదు, రేపు నేననలేదంటే దిక్కెవరు?" అన్నారట. ముప్పై ఎనిమిదేళ్లు రేగులవరం పోస్టుమాస్టరుగా చేసిన మనిషి ఆ మాట అనకపోతే ఇంకెవరంటారు? అందుకే బుద్ధిగా కాగితం మీద పెడుతున్నాను.

మావయ్యా, నా పీహెచ్‌డీకి మీ సాయం కావాలి. మనిషి కంగారు పడితే ఉమ్మిలో అమైలేజ్ అనే ఎంజైము పెరుగుతుంది. దాన్ని పట్టుకునే స్ట్రిప్ ఒకటి తయారు చేశాను. మెత్తటి సబ్బుబిళ్ల మీద తాళంచెవి నొక్కి తీస్తే గుంట పడుతుంది కదా, ఆ గుంటలో ఆ తాళంచెవే సరిగ్గా కూర్చుంటుంది. ఇదీ అంతే. అమైలేజ్ చుట్టూ పాలిమర్‌ను గట్టిపడనిచ్చి, తర్వాత అమైలేజ్‌ను కడిగేస్తాం. దాని ఆకారంలో కంటికి కనపడనంత చిన్న గుంటలు మిగులుతాయి. ఉమ్మి చుక్క వేస్తే అందులోని అమైలేజ్ వచ్చి ఆ గుంటల్లో కూర్చుంటుంది. గుంటలు నిండేకొద్దీ స్ట్రిప్‌లో కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి మీటరు ఒక అంకె చూపిస్తుంది. వంద లోపుంటే మనిషి నిమ్మళంగా ఉన్నట్టు.

ఇక్కడ పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్లలను కొలిస్తే సగటు నూట ఎనభై వచ్చింది. ఇప్పుడు వాళ్లతో పోల్చడానికి ఏ చింతా లేని నలభై మంది కావాలి. మా మావయ్య ఊరంత చల్లటి ఊరు ఇంకోటి లేదని మా గైడు పద్మజ మేడమ్‌కు గట్టిగా చెప్పాను. ఏప్రిల్ పదికి థీసిస్ ఇచ్చేయాలి. ఈ అధ్యాయం లేకపోతే మేడమ్ సంతకం పెట్టరు, నాలుగేళ్ల కష్టం గోడకు వేలాడుతుంది. మీరే నాకు దిక్కు.

స్ట్రిప్పులు, గొట్టాలు, మీటరు పార్శిల్లో పంపాను. రెండే రెండు షరతులు. నమూనా ఇచ్చే ముందు గంటసేపు ఎవరూ ఏమీ తినకూడదు. పేర్లు రాయకూడదు, నంబర్లే.

మీ
ప్రత్యూష

తా.క.: అత్త ముందు ఉమ్మి అనే మాట పదే పదే అనకండి. అన్నం మానేస్తుంది.

*

రేగులవరం, వయా కారంపూడి,
23 ఫిబ్రవరి 2026

చిరంజీవి ప్రత్యూషకు,

మావయ్య చెన్నకేశవులు ఆశీర్వదించి రాసేది. నేను, మీ అత్త, గేదె కులాసా. పార్శిల్ సీలు చెదరకుండా అందింది.

సబ్బు మీద తాళంచెవి నొక్కడం దొంగతాళాలు చేసేవాళ్ల పద్ధతి. అది యూనివర్సిటీలో నేర్పిస్తున్నారని తెలియదు. అయినా నాకు సులువుగానే అర్థమైంది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే అరలుంటాయి చూడు, కారంపూడి ఉత్తరం కారంపూడి అరలోనే పడాలి. నీ స్ట్రిప్ అదే పని చేస్తోంది. కరెంటు తగ్గడం మా ఊరికి కొత్త కాదు కాబట్టి అది కూడా తంటా లేకుండా అర్థమైంది.

శుక్ర, శనివారాల్లో మన వసారాలో కౌంటరు తెరిచాను. వేళలు ఉదయం పది నుంచి ఒంటిగంట. వరసలో రావాలి, టోకెన్ తీసుకోవాలి. మహాలక్ష్మమ్మ గట్టు మీద చతికిలబడి, "ఏందయ్యా పోస్టుమాస్టరూ, మొగోళ్ల ముందు ఎట్టా ఊసేది? అటు తిరుగు" అంది. తిరిగాను. చర్చి స్కూలు ఆరోగ్యస్వామి మాస్టారు గొట్టం చేతిలో పట్టుకుని కళ్లు మూసుకోవాలా అని అడిగాడు. ఒక్కొక్కరినీ "గంట లోపు ఏమన్నా తిన్నావా?" అని అడిగి, "తినలా" అని చెప్పించి, రిజిస్టర్లో సంతకం కూడా తీసుకున్నాను. షరతు అంటే షరతే. రిజిస్టరు నకలు ఈ కవరులోనే పెట్టాను.

ఫలితాలు చూసి గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది. నలభై మందిలో ముప్పై తొమ్మిది మందికి నాలుగొందల పైనే వచ్చాయి! మహాలక్ష్మమ్మకు 512, ఊరికే ఫస్టు. మీ పట్నం పిల్లలు నూట ఎనభై దగ్గరే ఆగారంటే చదువులు ఎలా ఏడుస్తున్నాయో తెలుస్తోంది. ఇరవై మూడో నంబరు ఒక్కడే 62తో తప్పాడు. పేరు చెప్పకూడదన్నావు కాబట్టి చెప్పను. ముప్పై ఒక్క ఏళ్లు కారంపూడి నుంచి సైకిలు మీద నాకు తపాలా సంచి తెచ్చినవాడని మాత్రం చెప్పగలను. రంజాన్ నెల కదా, నీరసంగా ఉండి రాసి ఉండడు. పాపం, మా ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ సైకిలు బెల్లు రెండుసార్లు కొట్టి పోతాడు. ఒక అవకాశం ఇప్పించు.

ఆశీస్సులతో,
చెన్నకేశవులు
రిటైర్డ్ బ్రాంచి పోస్టుమాస్టరు

తా.క.: మీ అత్త ఈ వారమే పండుమిరప పచ్చడి పెట్టింది. వచ్చినవాళ్లలో ముప్పై తొమ్మిది మంది అమోఘం అన్నారు. గమ్ సీసా ఎండిపోవడంతో ఈ కవరును కూడా ఆవిడే అన్నం మెతుకులతో అంటించింది. చీమలు పడితే తపాలా శాఖను తిట్టకు.

*

విశాఖపట్నం,
28 ఫిబ్రవరి 2026

మావయ్యా,

నమస్కారాలు తర్వాత. ఇవి మార్కులు కావు! అంకె పెరిగితే మనిషి అంత హడలిపోయి ఉన్నట్టు. వంద లోపు అని రాశానే!

మీ రిజిస్టరు చూసి పద్మజ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ప్రత్యూషా, చల్లటి ఊరన్నావు. సర్జరీకి తీసుకెళుతున్నవాళ్లలో కూడా నేనింత చూడలేదు. మీ మావయ్యగారి ఊళ్లో ఏం జరుగుతోంది?" అన్నారు. సాగర్ అడవిలోంచి పులి ఏమైనా వచ్చిందా? కొట్లాటలా? మీటరు పాడయిందా అంటే, ఇరవై మూడో నంబరుకు 62 వచ్చింది. అంటే మీటరు బాగానే ఉంది. పరువు పోయేలా ఉంది మావయ్యా. మీ ఊరు దేనికి భయపడుతోందో కాస్త నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా కనుక్కోండి.

కంగారులో ఉన్న
ప్రత్యూష

తా.క.: పండుమిరప పచ్చడి అని రాసి ఊరుకుంటే ఎలా? హాస్టల్లో సాంబారు తాగి తాగి నాలుక తెల్లబడింది. బస్సులో ఒక జాడీ పంపించండి.

*

రేగులవరం,
4 మార్చి 2026

చి. ప్రత్యూషకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఊరు భయపడుతోందా! పక్కవాడి గేదె చేలో పడితే దాన్ని తోలుకొచ్చి, నీళ్లు పెట్టి, ఆ తర్వాత తిట్టే ఊరు ఇది.

నెమ్మదిగా కనుక్కోమన్నావు. అలాగే చేశాను. ఇంటింటికీ వెళ్లి, తలుపు దగ్గరికి వేయించి, చెవిలో, "నిజం చెప్పు, నీకు దేనికి భయం?" అని అడిగాను. మొదట అందరూ "నాకేం భయం?" అన్నారు. మీటరు అంకె చెప్పగానే ఆలోచనలో పడ్డారు. సాయంత్రానికి ప్రతివాళ్లకూ ఒక భయం దొరికింది. మహాలక్ష్మమ్మ అయితే, "అయిదొందల పన్నెండా! అంత భయం నాలో పెట్టుకుని ఇన్నాళ్లు ఎట్టా బతికానయ్యా?" అని మంచమెక్కింది. ఆరోగ్యస్వామి మాస్టారు సెక్యూరిటీకని కుక్కను తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆయనకు కుక్కంటే భయం. పొద్దు గూకకముందే తలుపులు పడుతున్నాయి.

అప్పుడు నాకు తట్టింది. ఊరంతా హడలిపోతుంటే ఒక్కడే ఎందుకు నిమ్మళంగా ఉన్నాడు? భయపెట్టేవాడికి భయం ఉండదు! ఇరవై మూడో నంబరు!

గఫార్ అలాంటివాడని నేను కలలో కూడా అనుకోలేదు. కానీ లెక్క అలా వస్తోంది. వాగు పొంగిన ఏడు సంచిని నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వచ్చాడే, అప్పుడు కూడా వాడు భయపడలేదు. అంత ధైర్యం మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్నాళ్లు ఇది నాకు అనుమానంగా తోచకపోవడమే ఆశ్చర్యం. నిన్నటి నుంచి వాడి పంక్చరు షాపు వైపు వెళ్లడం మానేశాను.

చింతతో,
చెన్నకేశవులు

తా.క.: పచ్చడి జాడీ నరసరావుపేట బస్సులో వేయించాను. మూతకు గుడ్డ కట్టి, గుడ్డకు లక్క వేసి, లక్క మీద నా ఉంగరంతో ముద్ర కొట్టాను. ముద్ర చెదిరి ఉంటే డెలివరీ తీసుకోకు.

*

విశాఖపట్నం,
8 మార్చి 2026

మావయ్యా,

వద్దు! గఫార్ మావయ్యను ఏమీ అనకండి! చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిన మనిషి ఆయన. మీరు పోస్టుమాస్టరుగా ఉన్నప్పుడు ఒక ఉత్తరం ఆలస్యమైతే మీకంటే ముందు తిట్లు తిన్నదీ ఆయనే. ఒక అంకె పట్టుకుని మనిషిని దోషిని చేస్తే నా సెన్సర్‌ను నేనే సముద్రంలో పారేస్తాను.

మేడమ్ సంగతి ఇంకా ఘోరం. మీ ఊరికి ధైర్యం చెప్పడానికి ఇద్దరు కౌన్సెలర్లను పంపుతానంటున్నారు. అదీ కుదరకపోతే ఆ అధ్యాయాన్నే కొట్టేయమంటున్నారు. కొట్టేస్తే నా థీసిస్ ఈ ఏడు లేనట్టే. రాత్రీ పగలూ అదే బెంగ. నిన్న నా ఉమ్మిని నేనే కొలుచుకున్నాను. 340.

ఒక్కసారి బాగా గుర్తు చేసుకుని రాయండి. ఆ రెండు రోజులు ఎవరైనా ఏమైనా తిన్నారా? టీ, కిళ్లీ, బీడీ, ఏదైనా సరే.

దీనంగా,
ప్రత్యూష

తా.క.: జాడీ అందింది. ముద్ర చెదరలేదు. మూత తీయగానే మూడు గదుల అవతల ఉన్న భవ్య నోట్లో నీళ్లు ఊరి పరుగెత్తుకొచ్చింది. రెండు రోజుల్లో జాడీ ఖాళీ. అత్త చేతులకు దండం పెట్టానని చెప్పండి.

*

రేగులవరం,
11 మార్చి 2026

చి. ప్రత్యూషకు,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే బాగుండేది. తపాలా శాఖ మునుపటిలా లేదు.

నిన్న పాల కేంద్రం దగ్గర పదిమంది ఉండగా గఫార్ వచ్చాడు. అందరూ ఎవరి క్యాను వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. వాడు నవ్వుతూ, "ఏంది బావా, వారం దినాలుగా కనపళ్లా?" అన్నాడు. నేను ఊరి తరఫున అడగాల్సిన బాధ్యత ఉందనుకున్నాను. "గఫారూ, ఊరినెందుకు భయపెడుతున్నావు?" అన్నాను. వాడు నవ్వుతూనే, "నేనా?" అన్నాడు. "నీ ఒక్కడికే అరవై రెండు" అన్నాను. మళ్లీ నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. నేను నిజంగానే అడుగుతున్నానని వాడికి అప్పుడు అర్థమైంది. పాల క్యాను సైకిలుకు తగిలించుకుని వెళ్లిపోయాడు. మా ఇంటి మీదుగానే వెళ్లాడు. బెల్లు కొట్టలేదు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బెల్లు మోగకపోవడం ఇదే మొదటిసారి. ఇవాళ పొద్దున కూడా మోగలేదు. మీ అత్త నాతో మాట్లాడటం మానేసి గేదెతో మాట్లాడుతోంది. నేను వినాల్సినవన్నీ దానికి చెబుతోంది.

తిండి సంగతి అడిగావు. రిజిస్టరు సాక్షిగా చెబుతున్నాను, ఎవరూ ఏమీ తినలేదు. రుచి మాత్రం చూశారు. అది వేరే సంగతి. మొదట మహాలక్ష్మమ్మ గొట్టం పట్టుకుని, "నోరెండిపోయింది, రావట్లా" అని అరగంట కూర్చుంది. మీ అత్త వంటింట్లోంచి వేడన్నంలో పండుమిరప పచ్చడి, నెయ్యి కలిపి ఒక్క ముద్ద నోట్లో పెట్టింది. అంతే, కుళాయి తిప్పినట్టయింది! గొట్టం చాలక రెండోది ఇచ్చాను. ఆ కిటుకు బాగుందని వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ మీ అత్త ఒక్కో ముద్ద పెట్టింది. ఇంటికొచ్చినవాళ్లను కొత్త పచ్చడి రుచి చూపించకుండా పంపడం మన ఇంటావంటా లేదు. రుచి చూస్తే తిన్నట్టేనా? తిండి అంటే కంచం ముందు కూర్చోవాలి కదా.

ఇలా
చెన్నకేశవులు

తా.క.: గఫార్ ఒక్కడే పచ్చడి ముట్టలేదు. "రోజా ఉన్నా చెల్లెమ్మా, రేపు సాయంత్రానికి గిన్నెలో పెట్టి పంపు" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది కూడా అనుమానంగానే ఉంది.

*

విశాఖపట్నం,
14 మార్చి 2026

మావయ్యా! మావయ్యా! మావయ్యా!

పచ్చడి!

కారం నోట్లో పడితే ఉమ్మి ఊరుతుంది. దానితో పాటు అమైలేజ్ కూడా పెరుగుతుంది. మీ ఊరు దేనికీ భయపడటం లేదు. మీ ఊరికి నోరూరింది! ముప్పై తొమ్మిది మంది నోళ్లలో నా సెన్సర్ కొలిచింది మా అత్త పచ్చడిని!

రోజా ఉండబట్టి గఫార్ మావయ్య ఒక్కరే షరతు తప్పలేదు. నలభై మందిలో సరైన నమూనా ఆయనది ఒక్కటే. మీరు దోషి అన్న మనిషే నా పరిశోధనకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం.

తప్పు నాది కూడా. మీ మొదటి ఉత్తరంలోని తాజా కలాన్ని అయిదుసార్లు చదివాను. అయిదుసార్లూ పచ్చడి ఎప్పుడు పంపిస్తారా అనే ఆలోచించాను తప్ప, ముప్పై తొమ్మిది అన్న అంకె నా బుర్రకెక్కలేదు. మేడమ్‌కు చెబితే అరగంట నవ్వి, పది రోజుల గడువిచ్చారు. కొత్త స్ట్రిప్పులు పంపుతున్నాను. నలభై మందివీ మళ్లీ తీయండి. ముద్ద లేదు, చుక్క లేదు, వేలితో నాకడం కూడా లేదు. ఈసారి పరీక్ష చేసేవాళ్ల నమూనా కూడా ఉండాలని మేడమ్ అన్నారు. మీది నలభై ఒకటో నంబరు.

అన్నిటికన్నా ముందు గఫార్ మావయ్య ఇంటికి వెళ్లండి. ఏం చెప్పాలో నేను చెప్పనక్కర్లేదు.

ప్రత్యూష

తా.క.: గేదెకు నా నమస్కారాలు. అది చాలా ఓపిక గలది.

*

రేగులవరం,
19 మార్చి 2026

చి. ప్రత్యూషకు,

ఆశీస్సులు. పని పూర్తయింది. రిజిస్టరు, మీటరు వేరే పార్శిల్లో పంపుతున్నాను.

మొదట వసారాలోనే కౌంటరు పెట్టబోయాను. మీ అత్త గడప మీద నిలబడి, "వచ్చినోళ్లను ఉత్త నోటితో పంపియ్యమంటే నా వల్ల కాదు, కావాలంటే నన్ను పుట్టింటికి పంపు" అంది. ఆవిడ పుట్టిల్లు ఎదురు వీధే. అక్కడి నుంచి కూడా ముద్దలు కలుపుకుని రాగలదు. ఊళ్లో ఇంకెవరి ఇంటికి వెళ్లినా ఏదో ఒకటి నోట్లో పెడతారు. ఎంత ఆలోచించినా, మంచినీళ్లు కూడా ఇవ్వని ఇల్లు ఊరు మొత్తానికీ ఒక్కటే కనపడింది. అదీ సాయంత్రం అజాన్ వినపడేదాకా మాత్రమే. గఫార్ ఇల్లు.

నిన్న సాయంత్రం అయిదింటికి వాడి వాకిట్లోనే కౌంటరు తెరిచాను. నలభై మందీ వచ్చారు. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది, పళ్లెం నిండా పకోడీలు, ఖర్జూరాలు. ఆ వాసనకు మళ్లీ అంకె పెరుగుతుందేమోనని అందరినీ గాలి వచ్చే దిక్కున కూర్చోబెట్టాను. ఒక్కరు చెయ్యి చాచలేదు. మహాలక్ష్మమ్మ పమిట కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఈ గంట కంటే ఆ అయిదొందల పన్నెండే నయం" అంది. అజాన్ కాగానే మాత్రం పళ్లేల మీద పడ్డారు. గఫార్ చిన్నకోడలు మూడోసారి పకోడీలు వేయాల్సి వచ్చింది.

అంకెలు చూడు. నలభైకి నలభై వంద లోపే! మహాలక్ష్మమ్మకు 71. ఆవిడకు 58 అయినా వచ్చి ఉండాల్సిందట, మళ్లీ తీయమంటోంది. చల్లటి ఊరని నువ్వు అన్న మాట నిలిచింది. మా తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఆరోగ్యస్వామి మాస్టారి కుక్కను గఫార్ మనవరాలు తీసుకుంది.

గఫార్‌తో సంగతి అయిపోయింది. అందులో రాయాల్సినంత ఏమీ లేదు.

ఆశీస్సులతో,
చెన్నకేశవులు

తా.క.: నలభై ఒకటో గడి ఖాళీగా ఉంటుంది. ఆ సమయానికి సిరా అయిపోయింది.

*

విశాఖపట్నం,
24 మార్చి 2026

ప్రియమైన మావయ్యకు,

ఎగిరి గంతేసి రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. మేడమ్ సంతకం పెట్టేశారు! పాత రిజిస్టరును కూడా పారేయవద్దన్నారు. కారానికి అమైలేజ్ ఎంత పెరుగుతుందో ఇంత బాగా చూపించిన ప్రయోగం ఆవిడ చూడలేదట. అత్త పచ్చడికి నా థీసిస్‌లో ఒక పట్టిక దక్కింది. గఫార్ మావయ్యకు కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు దక్కింది. మీరు రెండో పేరు. కోపం తెచ్చుకోకండి.

ఒక్క చిక్కు మిగిలింది. సిరా అయిపోయినా మీటరుకు జ్ఞాపకం ఉంటుంది మావయ్యా. అది తెరిచి చూశాను. నలభై ఒకటో నమూనా, 18 మార్చి, సాయంత్రం అయిదుకు పది నిమిషాల ముందు: 465.

ఊరందరికన్నా ముందు మీది తీసుకున్నారు. ఆ రోజు అందరిలోకీ మీదే ఎక్కువ. నలభై మందికి వంద లోపు వచ్చి మీ ఒక్కరికే ఇంత వస్తే, ఎందుకో థీసిస్‌లో ఒక వాక్యం రాయాలి. వైవాలో తప్పకుండా అడుగుతారు. ఒంట్లో బాగాలేదా? నాకు బెంగగా ఉంది. నిజం రాయండి.

మీ
ప్రత్యూష

తా.క.: ఇంకో జాడీ. ముద్ర లేకపోయినా పర్వాలేదు.

*

రేగులవరం,
28 మార్చి 2026

చి. ప్రత్యూషకు,

ఆశీస్సులు. నీ సంతకం కబురు విని ఊళ్లో అందరికీ చెప్పాను. చెప్పినచోటల్లా ఏదో ఒకటి నోట్లో పెట్టారు.

నలభై ఒకటి సంగతి. ఇక దాచడం దేనికి? ఆ రోజు గఫార్ ఇంటికి బయల్దేరే ముందు ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్లి పచ్చడి రుచి చూశాను. అల్సరుందని నరసరావుపేట డాక్టరు కారం ముట్టొద్దన్నాడు కానీ, ఏడాదికోసారి వచ్చే పచ్చడి. మనిషిని కదా, మనసాగలేదు. నీ థీసిస్‌లో "నలభై ఒకటో వ్యక్తి పచ్చడి తిన్నాడు" అని ధైర్యంగా రాసుకో. పేరు రాయవు కాబట్టి నాకు నామోషీ లేదు. మీ అత్తకు మాత్రం చెప్పకు. తెలిస్తే జాడీని అటక మీదికి ఎక్కిస్తుంది.

ఇంతకు మించి ఏమీ లేదు. ఉంటాను.

ఆశీస్సులతో,
చెన్నకేశవులు
రిటైర్డ్ బ్రాంచి పోస్టుమాస్టరు

తా.క.: ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

తా.క. మీద తా.క.: అమ్మాయ్, నేను మీ అత్త కోటమ్మను. మెతుకులు పెట్టేటప్పుడు ఈయన ఉత్తరాలన్నీ చదవటం నాకు పెళ్లయిన కాడి నుంచీ అలవాటు. పోస్టుమాస్టరుకు తెలవకుండా ఉత్తరాలు చదివిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటా.

పచ్చడి మాట పచ్చి అబద్ధం. ఆ జాడీ అప్పటికే అటక మీద ఉంది. ఎక్కిచ్చింది నేనే. ఆ రోజు ఈయన పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలా. ఇస్త్రీ చొక్కా ఏసుకున్నాడు, ఇప్పాడు, మళ్లా ఏసుకున్నాడు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాడు, నాలుగుసార్లు చించాడు. గఫార్ అన్న ఇంటి గేటు కాడికి పోయి ఆగిపోయాడు. నేను ఎనకమాలే ఉండి చూస్తన్నా. గొట్టం తీసి ముందు తన నమూనా తీసుకున్నాడు, చేతికేదో ఒక పని ఉండాలని. అయినా లోపలికి పోలేకపోయాడు. గోడకి ఆనిచ్చి గఫార్ అన్న సైకిలు ఉంది. మెల్లిగా చెయ్యి పెట్టి బెల్లు రెండుసార్లు కొట్టాడు.

గఫార్ అన్న బయటకొచ్చాడు. ఈయన్ను చూశాడు. "టపా ఏమన్నా ఉందా బావా?" అన్నాడు. ఈయన తల ఊపాడు. అంతే, ఇద్దరూ ఏడ్చారు. ఆ ఎనక ఊరంతా వచ్చింది.

థీసిస్‌లో పచ్చడని రాయమాక. నా పచ్చడి మీద లేనిపోని నింద. భయమనే రాయి. ఊరు మొత్తానికీ ఆ రోజు నిజంగా భయపడ్డది ఈయనొక్కడే, నీ మిషను కరెక్టుగా పట్టింది.

జాడీ రేపటి బస్సులో ఏస్తన్నా. బెల్లు మోగింది, గఫార్ అన్న వస్తన్నట్టుంది, ఉంటా.